అద్దం మీద గీత

రోసారియోలో సైకాలజీ కాలేజీ గేటుకెదురుగా
నాదొక జిరాక్స్ కొట్టు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
మనసు గురించి ఎవరేం రాసినా
నా చేతుల మీదుగానే వేడివేడిగా బయటికెళ్ళింది.
ఒక్కటీ చదవలేదు నేను.
అంచు తిన్నగా ఉందా, సిరా పలచబడిందా,
అంతవరకే నా చదువు.

అయినా చెప్పగలను.
మొదటి ఏడు అందరూ కలల పాఠమే అడుగుతారు,
అందరికీ ఒక సోఫా, ఒక కుర్చీ, కాస్త గడ్డం కావాలి.
మూడో ఏటికి పాయలు చీలతాయి, మా పరానా నది లాగే.
"ఏ లైను తీసుకోమంటావు, అన్సెల్మో?"
"రెండువైపులా కొట్టించుకో, చవక" అంటాను.

తొసెల్లి నేరస్థుల వైపు పోయాడు.
హత్య కేసుల కాపీలు ఆరేలోపు
నిలబడే జామ్ బిస్కెట్లు తినేవాడు.
ఇప్పుడు జైల్లో కొలువు.
లోపల వాళ్ళేం మాట్లాడతారని అడిగితే
"ఎక్కువగా వాతావరణం గురించే" అన్నాడు.
బిస్కెట్లు మానేశాడు.

గ్రిసెల్దా సంచిలో పుస్తకాలకన్నా
ప్లాస్టిక్ ఆవులెక్కువ.
ఒక పిల్లాడు ఆరు నెలలు నోరు విప్పకుండా
ఒకే ఆవుని ఇసుకలో పాతిపెట్టాడట.
ఒకరోజు తవ్వి తీశాడట.
అంతే.
ఆ మాట చెప్పడానికి పరుగెత్తుకొచ్చి
నా కౌంటరు మీద తల వాల్చి ఏడ్చింది.

ఉగార్తె కంపెనీల వైపు. మంచి బూట్లు.
ఉద్యోగం కావాలంటే ఆమె ముందు కూర్చుని
వానలో మనిషిని గీయాలి.
మా మేనల్లుడు ఎలీసియో గీశాడు,
గొడుగు లేకుండా.
గొడుగు లేనివాడికి తట్టుకునే శక్తి లేదట,
ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వద్దంది.
మా వీధిలో గొడుగెవరికుంది?
వానొస్తే నెత్తిన సంచి వేసుకుంటాం.
ఆ సంచి గీయొచ్చని వాడికి తట్టలేదు.
ఆ పాఠం రెండొందల కాపీలు
నేనే కొట్టిచ్చాను ఆమెకి.

ఇక మీర్తా.
డబ్బుకి విలువ పోయిన ఏడు
నలభై రెండు పేజీల బాకీ పెట్టి వెళ్ళింది.
మెదడు మీద పాఠాలు.
నా పాత మిషను అద్దం మీద వెంట్రుకంత గీత ఉండేది,
ప్రతి కాగితానికీ కుడి మూల పడేది.
"దీనికి డబ్బులు తగ్గించు" అని పోట్లాడేది.

నిరుడు నేలిదా, నా భార్య,
గల్లాపెట్టెలో నాణేలని రంగుల వారీగా సర్ది
"ఎంతయింది?" అంటే నవ్వి ఊరుకుంది.
ఇరవై ఏళ్ళు నా చిల్లర లెక్క ఆమెదే.

ఆస్పత్రిలో మూడో అంతస్తు. తెల్లకోటులో మీర్తా.
ఇద్దరం బాకీ మాట ఎత్తలేదు.
"గడియారం గీయండమ్మా, పదకొండూ పది."
నేలిదా అంకెలన్నీ ఒకే పక్కన పెట్టింది,
పడవ ఒరిగితే జనం ఒక్క వైపుకి చేరినట్టు.
మీర్తా దిద్దలేదు. తొందరపెట్టలేదు.
పెన్ను కింద పడితే తనే తీసిచ్చింది.

అప్పుడు నేలిదా కాగితం దగ్గరికి తీసుకుని
కుడి మూల వేలు పెట్టింది.
"ఇది మన మిషను గీత."

నేను వంగి చూశాను.
ఎన్ని మిషన్లు మారిందో, ఎన్ని కాపీలకి కాపీయో,
గీత మాత్రం అలాగే ఉంది.

మీర్తా దగ్గరున్న ఫారంలో
దానికి గడి లేదు.
పక్క ఖాళీలో ఏదో రాసింది, చాలాసేపు.
ఏమని రాశావని అడగాలనిపించింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళలో
చదవాలనిపించిన కాగితం అదొక్కటే.

బయటికొచ్చేసరికి వాన.
బస్టాపు ఇంకా దూరం.
నేలిదా ఆస్పత్రి ప్లాస్టిక్ కవరులోంచి
స్కాన్ ఫిల్ములు తీసి చంకలో పెట్టుకుని
కవరు నా నెత్తిన కప్పింది.
చెవుల వెనక్కి సర్దింది.